కాలిన ముఖంతో ఇంటికొచ్చిన మనిషికి మళ్లీ దగ్గరవడం ఎలా

ముఖం కాలిన మనిషిని చూసుకోవడంలో రెండు పనులుంటాయి. మచ్చ గట్టిపడకుండా, బిగుసుకోకుండా చూడటం ఒకటి. పోయిన ముఖం కోసం ఏడ్చి, వచ్చిన ముఖంతో పరిచయం పెంచుకోవడం ఇంకొకటి. మొదటిదానికి ఆస్పత్రిలో కాగితం మీద రాసిస్తారు. రెండోదాన్ని ఇంటివాళ్లకే వదిలేస్తారు. నిజానికి ఈ రెండింటినీ విడదీయలేం. రోజూ మూడు నాలుగుసార్లు మచ్చకు మసాజ్ చేసే చేతికి కొన్ని వారాల్లోనే ఆ ముఖం అలవాటవడం మొదలవుతుంది. చూపు తిప్పుకుంటూ తిరిగే వాళ్లకు ఏడాది గడిచినా అలవాటవదు.

ఇది భార్య, భర్త, తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఎవరు చూసుకుంటుంటే వాళ్ల కోసం. గాయం లోతు మనిషికీ మనిషికీ మారుతుంది కాబట్టి ఇక్కడి మాటకూ మీ డాక్టరు మాటకూ తేడా వస్తే డాక్టరు మాటే పాటించండి.

మంచం దగ్గరికి మొదటిసారి

లోపలికి వెళ్లేముందు నర్సును ఆపి మూడు విషయాలు అడగండి: ముఖం ఇప్పుడు ఎలా కనిపిస్తుంది, ఎక్కడెక్కడ గొట్టాలున్నాయి, ఏ చోట తాకొచ్చు. ముందుగా వినిపెట్టుకున్నది కంటికి కనిపిస్తే గుండె తట్టుకుంటుంది. కాళ్లు తేలిపోతున్నట్టు అనిపిస్తే నిలబడకుండా కుర్చీ అడిగి కూర్చోండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

మొదటి ఒకటి రెండు రోజుల్లో ముఖం విపరీతంగా వాస్తుంది. కళ్లు పూర్తిగా మూసుకుపోవచ్చు, పెదవులు రెండింతలు కావచ్చు. ఈ వాపు తర్వాతి రోజుల్లో దిగుతుంది. ఆ రోజు మీరు చూసింది మీ మనిషికి మిగలబోయే ముఖం కాదు. తనకు కూడా ఇది చెప్పాలి. కళ్లు తెరుచుకోకపోయేసరికి చూపు పోయిందేమోనని చాలామంది లోలోపల భయపడతారు, అడగరు. వాపు వల్లే అని డాక్టరు నిర్ధారించాక, “వాపు వల్ల రెప్పలు మూసుకుపోయాయి, వాపు తగ్గితే తెరుచుకుంటాయి” అని రోజుకు పదిసార్లయినా చెప్పండి.

పేరు పెట్టి పిలవండి. మీరెవరో చెప్పండి. కాలని చోట, నర్సు చూపించిన చోట, అరచెయ్యి మొత్తం ఆనేలా పెట్టండి. వేలి కొసలతో భయం భయంగా ముట్టుకుంటే ఆ భయం అవతలివాళ్లకు చేరుతుంది. మత్తులో ఉన్నా మాట్లాడుతూనే ఉండండి. గట్టిగా ఏడుపొస్తే బయటికి వెళ్లి ఏడ్చి రండి. కన్నీళ్లు వాళ్ల ముందు వచ్చినా ఫరవాలేదు. ముఖం చూడగానే వెనక్కి అడుగు వేయడం మాత్రం చాలాకాలం గుర్తుండిపోతుంది.

అద్దం

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం 1917లో ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్‌లో ఓ ఆస్పత్రి తెరిచారు. అక్కడి వార్డుల్లో అద్దాలు ఉండనిచ్చేవారు కాదు. ఆ ఉద్దేశం మంచిదే కానీ దాచడం ఇవాళ పనికిరాదు. ఆపేసిన ఫోన్ తెర, రాత్రిపూట కిటికీ గాజు, స్టీలు గ్లాసు, అన్నీ అద్దాలే. దాచితే ఏం జరుగుతుందంటే, మీ మనిషి ఎవరూ లేనప్పుడు, అనుకోకుండా, వంకర టింకరగా తన ముఖాన్ని మొదటిసారి చూసుకుంటుంది. పైగా “ఇంట్లోవాళ్లు దాచారంటే ఎంత ఘోరంగా ఉందో” అన్న అనుమానం మిగులుతుంది.

కాబట్టి అద్దం చూడటాన్ని ముందే అనుకుని చేయండి. ఎప్పుడన్నది తను నిర్ణయించాలి. పక్కన ఎవరుండాలో కూడా తనే చెప్పాలి. ఉదయం, డ్రెస్సింగ్ అయ్యాక, నొప్పి మందు పని చేస్తున్న వేళ మంచిది. రాత్రి పడుకునే ముందు వద్దు. ముందు మాటల్లో చెప్పండి: “కుడి చెంప ఎర్రగా, ఎత్తుగా ఉంది. కనుబొమ్మ లేదు. ముక్కు, కళ్లు అలాగే ఉన్నాయి.” ఉన్నదున్నట్టు, రంగు, చోటు, పరిమాణం. తర్వాత చేతి అద్దం ఇవ్వండి. అద్దం తన చేతిలోనే ఉండాలి, ఎంత దూరంలో పట్టుకోవాలో, ఎప్పుడు దించాలో తన ఇష్టం. కొందరు ముందు చెవి, తర్వాత గడ్డం, అలా ముక్కలు ముక్కలుగా చూసుకుంటారు. అది మంచి పద్ధతే. ఒకటి రెండు నిమిషాలు చాలు.

ఫోన్ ముందు కెమెరాతో చూపించకండి. చేతి దూరం నుంచి అది ముక్కును పెద్దది చేసి, చెంపలను వెనక్కి నెట్టి చూపిస్తుంది. మామూలు ముఖమే అందులో వేరేగా కనిపిస్తుంది.

ఆ తర్వాత మీరు ఏమనాలి? “ఏం కాలేదు, బాగానే ఉన్నావు” మాత్రం అనొద్దు. అద్దం ఒకటి చెబుతుంటే మీరు ఇంకొకటి చెబితే, ఇకముందు మీరు మెచ్చుకున్నా నమ్మకం కుదరదు. “చూశావు కదా. నేనిక్కడే ఉన్నాను” అంటే చాలు. ఏమీ అనకుండా చెయ్యి పట్టుకున్నా చాలు.

మచ్చ తగ్గే ముందు పెరుగుతుంది

ఇంటివాళ్లకు చాలామందికి తెలియని సంగతి ఇదే. మానడానికి రెండు మూడు వారాలకు మించి పట్టిన లోతు గాయాలు ఎత్తైన మచ్చలుగా మారే అవకాశం ఎక్కువ. మానిన కొత్తలో చర్మం చదునుగా, గులాబీరంగులో ఉంటుంది, “పోన్లే, బాగానే మానింది” అనుకుంటారు. తర్వాత రెండు మూడు నెలలకు అదే చోటు ఎర్రబడి, ఉబ్బి, తాడులా గట్టిపడుతుంది. చర్మం కింద కొలాజెన్ అనే పీచు పదార్థం అవసరానికి మించి, అడ్డదిడ్డంగా పేరుకోవడమే కారణం. సాధారణంగా ఆరు నెలల దాకా పెరిగి, ఆ తర్వాత మెల్లగా మెత్తబడి, రంగు తగ్గి, ఏడాది నుంచి రెండేళ్లలో కుదుటపడుతుంది.

అంటే ముఖం అన్నిటికంటే కఠినంగా కనిపించేది ఆస్పత్రిలో కాదు, ఇంటికొచ్చిన మూడు నుంచి ఆరు నెలల మధ్య. చూడటానికి వచ్చేవాళ్లు తగ్గిపోయి, ఫోన్లు ఆగిపోయి, మీరిద్దరే మిగిలిన కాలం కూడా అదే. క్యాలెండరులో ఈ నెలలను ముందే గుర్తు పెట్టుకోండి. “మన తప్పు వల్ల పెరుగుతోంది” అనుకుని మసాజ్ మానేసేవాళ్లున్నారు. అప్పుడే అది ఎక్కువ అవసరం.

ప్రెషర్ గార్మెంట్ (మచ్చను నొక్కి ఉంచే బిగుతు బట్ట) కానీ, ముఖానికి పారదర్శకమైన మాస్కు కానీ ఇచ్చి ఉంటే రోజుకు 23 గంటలు వేసుకోమంటారు. స్నానం, మసాజ్, భోజనం, వీటికే తీయడం. బట్టతో చేసినది రెండు మూడు నెలల్లో సాగిపోతుంది, సాగినది వేసుకున్నా ఒత్తిడి పడదు, కొత్త కొలతలివ్వాలి. రెండు జతలుంటే ఒకటి ఉతికి ఆరేసినప్పుడు ఇంకొకటి వేసుకోవచ్చు. ఎదిగే పిల్లలకైతే దవడ మీద ఒత్తిడి ఎక్కువ కాకుండా తరచూ చూపించాలి. మచ్చ మీద అతికించే మెత్తటి సిలికాన్ షీటును మొదటి రోజే పన్నెండు గంటలు పెడితే దద్దుర్లు రావచ్చు. నాలుగు గంటలతో మొదలుపెట్టి రోజూ కొద్దిగా పెంచుతూ పోవాలి. షీటునూ, దాని కింది చర్మాన్నీ రోజూ ఘాటులేని సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. మూడు రోజులు పెట్టి మూడు రోజులు మానేస్తే దానివల్ల పెద్దగా లాభం ఉండదు.

మసాజ్ చేసే పద్ధతి

గాయం పూర్తిగా మూసుకున్నాక, డాక్టరో ఫిజియోథెరపిస్టో సరేనన్నాకే మొదలుపెట్టాలి. మీ గోళ్లు కత్తిరించుకుని, చేతులు కడుక్కోండి. వాసన, రంగు లేని సాదా మాయిశ్చరైజర్ తీసుకోండి. లోతుగా కాలిన చోట చమురు, చెమట గ్రంథులు పోయి ఉంటాయి, చర్మం తనంతట తాను తేమ పట్టుకోలేదు, పగులుతుంది. అందుకే క్రీము కావాలి. అయితే మరీ ఎక్కువ రాస్తే వేళ్లు జారిపోయి పని జరగదు. పాత పొర తుడిచి, బఠాణీ గింజంత తీసుకుని మొదలుపెట్టండి.

తనను వెనక్కి ఆనుకుని కూర్చునేలా చేసి, మీరు ఎదురుగా కూర్చోండి. వెనకనుంచి చేయడం మీకు తేలికనిపించొచ్చు, ముఖం కనిపించదు కాబట్టి. అందుకే ఎదురుగా.

బొటనవేలి మెత్తతో గానీ, రెండు వేళ్ల మెత్తతో గానీ మచ్చ మీద నొక్కండి. ఎర్రటి మచ్చ తెల్లబడేంత ఒత్తిడి చాలు. ఆ ఒత్తిడి వదలకుండా చిన్న చిన్న సున్నాలు చుట్టండి, తర్వాత నిలువుగా, తర్వాత అడ్డంగా. వేలు చర్మం మీద రుద్దుకుంటూ పోకూడదు. చర్మమే వేలితోపాటు, కింద ఉన్న కండ మీద కదలాలి. ఈ తేడా చేతికి తెలియడానికి వారం పడుతుంది. ఒక్కో విడత 5 నుంచి 10 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. కొత్త చర్మం పల్చన కాబట్టి మొదటి రెండు వారాలు ఒత్తిడి బాగా తక్కువగా ఉండాలి.

బొబ్బ లేచిందంటే మీరు రుద్దుతున్నారని అర్థం. ఆ చోటు వదిలేసి మిగతాది చేయండి, మానాక మళ్లీ. రక్తం, చీము, కొత్తగా వేడి, జ్వరం ఉంటే ఆపి డాక్టరుకు చూపించాలి. అతికించిన చర్మంలో స్పర్శ తక్కువగా ఉండొచ్చు, పక్కనే అంగుళం దూరంలో మరీ ఎక్కువగా ఉండొచ్చు. “ఇక్కడ తెలుస్తోందా? ఇక్కడ?” అని అడుగుతూ పోండి. కొన్నాళ్లకు ఏ చోట మొద్దుబారిందో, ఏ చోట హాయిగా ఉంటుందో మీ వేళ్లకే తెలుస్తుంది. ఈ జ్ఞానం ఇంకెవరికీ ఉండదు. పాత ముఖం విషయంలో కూడా మీకు ఇంత వివరంగా తెలిసి ఉండదు.

దురద గురించి ముందే సిద్ధపడాలి. నొప్పి తగ్గాక నెలల తరబడి వేధించేది అదే, రాత్రిళ్లు మరీ ఎక్కువ. గోకితే పల్చటి చర్మం లేచిపోతుంది. అరచేత్తో మెల్లగా తట్టడం, చల్లటి తడిబట్ట, క్రీము, నూలు దిండు గలీబు సాయపడతాయి. ఐసు నేరుగా పెట్టొద్దు, స్పర్శ లేని చోట అదీ గాయం చేస్తుంది. నిద్ర పట్టనివ్వకపోతే మందులున్నాయి, డాక్టరును అడగండి. విసుగూ కోపమూ చాలాసార్లు దురద వల్లే వస్తాయి, మీ మీద ప్రేమ తగ్గి కాదు.

మెడ, నోరు, కన్ను

హాయిగా అనిపించే భంగిమలోనే మచ్చ బిగుసుకుంటుంది. మెడ ముందువైపు కాలితే దిండు పెట్టుకుని పడుకోవడం హాయి, కానీ గడ్డం ఛాతీ వైపు లాగేస్తుంది. దిండు తీసేసి, భుజాల కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి. నోటి చుట్టూ కాలితే రోజూ నోరు ఎంత తెరుచుకుంటోందో చూడండి. సాధారణంగా తన వేళ్లు మూడు నిలువుగా పడతాయి. రెండుకు తగ్గుతుంటే ఆలస్యం చేయకుండా ఫిజియోథెరపిస్టుకు చెప్పండి. రెప్ప పూర్తిగా మూసుకోకపోతే కంటి నల్లగుడ్డు ఎండిపోతుంది, రాసిచ్చిన చుక్కలు, రాత్రి లేపనం మరవొద్దు. కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, మసకబారినా ఆ రోజే చూపించాలి. ఎండ తగిలితే కొత్త మచ్చ నల్లబడి ఆ రంగు ఉండిపోవచ్చు. అంచున్న టోపీ, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్, బయట ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి.

నవ్వు ఎక్కడికి వెళ్లింది

ఎదుటివాళ్ల మనసు మనం ముఖంలో చదువుతాం: నోటి మూలలు లేవడం, కళ్ల పక్కన ముడతలు, కనుబొమ్మ పైకెత్తడం. మచ్చ బిగిస్తే ఈ కదలికలు ఆగిపోతాయి. మీ మనిషి లోపల నవ్వుతున్నా బయటికి కోపంగా కనిపించొచ్చు. పెదవి కిందికి లాగి ఉంటే ఎప్పుడూ దిగులుగా ఉన్నట్టుంటుంది. మీరు ఆ ముఖాన్ని పాత లెక్కలోనే చదివి, “ఎందుకలా చూస్తున్నావు” అంటారు. అక్కడ గొడవ మొదలవుతుంది. కాలిన ముఖాలున్న ఇళ్లలో దూరం పెరగడానికి ముఖం రూపు మారడం కంటే దాన్ని ఇలా తప్పుగా చదవడమే పెద్ద కారణమని మా అభిప్రాయం.

మందు సులువే. అడగండి. “కోపమొచ్చిందా, మచ్చ లాగుతోందా?” ఈ ప్రశ్నను ఇంట్లో మామూలు మాట చేసేయండి. తర్వాత, నవ్వు ఇప్పుడెక్కడ కనిపిస్తోందో వెతకండి. ఎక్కడో ఒకచోట ఉంటుంది: గొంతులో సన్నటి ఊగులాట, భుజాలు కదలడం, తల పక్కకు వాల్చడం, ముక్కులోంచి వదిలే చిన్న ఊపిరి. రోజుకు ఓసారి పది నిమిషాలు దీపం ఆర్పి మాట్లాడుకోండి. చూపు పక్కకు తప్పుకుంటే గొంతు ఎంత చెబుతుందో తెలుస్తుంది. మళ్లీ దీపం వేసినప్పుడు ఆ గొంతు ఈ ముఖంలోంచే వస్తోందని చూసుకోండి. దీపం వేయకుండా వదిలేస్తే చీకటిలోనే దగ్గరగా ఉండే అలవాటు పడుతుంది, అది మంచిది కాదు.

పాత ముఖం కోసం ఏడవడం

మనిషి బతికే ఉన్నా ముఖం పోవడం నిజమైన నష్టమే. ఇద్దరికీ. మీరు ప్రేమించిన ముఖమది, రోజూ పొద్దున మొదట చూసిన ముఖం. దానికోసం దిగులుపడితే ఉన్న మనిషికి ద్రోహం చేసినట్టు కాదు. ఆ దిగులును మింగేసి “నాకేం తేడా లేదు” అని తిరిగేవాళ్లే ఆ తర్వాత తెలియకుండా పక్కగదిలో ఎక్కువసేపు గడపడం మొదలుపెడతారు.

మీ బాధ చెప్పుకోడానికి మూడో మనిషిని చూసుకోండి. స్నేహితులు, తోబుట్టువులు, కౌన్సెలర్, ఎవరైనా. “నీ ముఖం చూడటం నాకు కష్టంగా ఉంది” అన్న భారాన్ని గాయపడినవాళ్ల నెత్తిన పెట్టొద్దు. “పాత ముఖం నాకూ గుర్తొస్తోంది” అన్నది మాత్రం ఇద్దరూ కలిసి పంచుకోవచ్చు, తను ఆ మాట ఎత్తినప్పుడు.

గోడమీది ఫొటోలు అడక్కుండా తీయకండి, అడక్కుండా ఉంచనూ వద్దు. కొందరికి అవి ఊరట, కొందరికి ములుకులు. నిర్ణయం మారుతుంది కూడా, రెండు మూడు నెలలకోసారి మళ్లీ అడగండి.

“ప్రాణం దక్కింది, అదే పదివేలు” అన్న మాట బయటివాళ్లు అంటారు, మీరు అనకండి. ఆ మాట తర్వాత ఏడిచే హక్కు పోయినట్టవుతుంది. పీడకలలు, ప్రమాదం కళ్లముందు తిరగడం, ఎవరినీ కలవకపోవడం నెలకు మించి సాగితే మానసిక వైద్య సాయం అవసరం. చచ్చిపోయినా బాగుండేదన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

మందు రాసే చెయ్యి, ప్రేమించే చెయ్యి

భార్యాభర్తలకు ఇది ముఖ్యం. రోజంతా మీ చెయ్యి క్రీముతోనే ఆ ముఖాన్ని తాకితే కొన్నాళ్లకు మీరు నర్సు, తను రోగి అయిపోతారు. ఆఖరి మసాజ్ అయ్యాక చేతులు కడుక్కుని, పది నిమిషాలు ఏ పనీ లేకుండా పక్కన కూర్చోండి. కాలని చోటుతో మొదలుపెట్టండి: అరచెయ్యి, వీపు, జుట్టు. మచ్చను ముద్దుపెట్టుకోవాలనిపిస్తే ముందు అడగండి, పెదవుల్లో స్పర్శ మారి ఉండొచ్చు, చర్మం లాగొచ్చు. జాలితో తాకితే వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మనసు రాని రోజు చెయ్యి పట్టుకుని ఊరికే ఉండటమే నయం.

పిల్లలు

పిల్లలను నేరుగా గదిలోకి తోయకండి. ముందు రోజు ఓ ఫొటో చూపించి, చిన్న మాటల్లో చెప్పండి: “నాన్న ముఖం కాలింది. ఎర్రగా, గట్టిగా ఉంటుంది. నీకు అంటుకోదు. గొంతు మాత్రం నాన్నదే.” గుమ్మం దగ్గర నిలబడి గొంతు విననివ్వండి. దగ్గరికెళ్లే వేగం పిల్లలదే, ముద్దు పెట్టమని బలవంతం వద్దు. నాన్న చేతిలో పుస్తకమో ఆటవస్తువో ఉంటే దానికోసం వాళ్లే వస్తారు. “నొప్పిగా ఉందా?” “మళ్లీ ముందులా అవుతావా?” అని అడిగితే “పూర్తిగా ముందులా అవదు, కొంచెం మెత్తబడుతుంది” అని నిజం చెప్పాలి.

బయటికి

రెండో ప్రపంచ యుద్ధంలో కాలిపోయిన వైమానిక సైనికులకు ఇంగ్లండ్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో ప్లాస్టిక్ సర్జరీ చేసిన ఆర్చిబాల్డ్ మెకిండో, శస్త్రచికిత్సతోనే సరిపెట్టలేదు. ఊరివాళ్లను కూడగట్టి, వీళ్లను ఇళ్లకు పిలవమన్నాడు, ముఖం తిప్పుకోవద్దన్నాడు. ఆ రోగులు 1941లో గినీ పిగ్ క్లబ్ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ ఊరికి “తేరిపార చూడని ఊరు” అని పేరొచ్చింది. మీ చుట్టూ ఉన్నవాళ్లకు కూడా ముందే చెప్పి ఉంచండి: కళ్లలోకి చూసి మాట్లాడమనండి, నేలచూపులొద్దనండి.

మొదటి ప్రయాణం ఇరవై నిమిషాలకు మించొద్దు. రద్దీ లేని వేళ, తెలిసిన చోటు, ఎప్పుడంటే అప్పుడు తిరిగొచ్చే వీలు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఓ చిన్న జవాబు ఇంట్లోనే గట్టిగా పలికి అలవాటు చేసుకోవాలి. అందులో మూడు భాగాలు: ఏం జరిగిందో ఒక్క ముక్క, ఇప్పుడు ఫరవాలేదన్న ధైర్యం, మాట మార్చే ప్రశ్న. “అగ్నిప్రమాదంలో కాలింది. ఇప్పుడు నొప్పేం లేదు. మీరు చాలాసేపటినుంచి వేచి ఉన్నారా?” ముఖం తేడాగా ఉన్నవాళ్లకు ఇలాంటి మెలకువలు నేర్పడానికే జేమ్స్ పార్ట్రిడ్జ్ 1992లో బ్రిటన్‌లో ఛేంజింగ్ ఫేసెస్ అనే సంస్థ పెట్టాడు. 1970లో, 18 ఏళ్ల వయసులో, కారు మంటల్లో ఆయన ముఖమూ కాలింది. జవాబు తనే చెప్పాలి, మీరు అందుకోవద్దు. వాదనకు దిగడం అసలే వద్దు. మచ్చ కప్పే మేకప్ వాడాలనుకుంటే చర్మం పూర్తిగా మానాక, డాక్టరును అడిగి, చిన్న చోట పరీక్షించి వాడొచ్చు. అది తన కోరికై ఉండాలి, మీ సూచన కాకూడదు.

కొత్త ఫొటో

ఏడాది దాటాక, తనకు ఇష్టమైతే, ఓ ఫొటో తీయండి. పక్కనుంచి పడే వెలుతురు మచ్చల గట్ల మీద నీడలు వేస్తుంది, కాబట్టి కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. మీరు కిటికీవైపు నిలబడి, అయిదారు అడుగుల దూరం నుంచి, వెనక కెమెరాతో, తన కళ్ల ఎత్తులో తీయండి. నవ్వమని చెప్పకండి. మాట్లాడిస్తూ ఉండండి, తల పక్కకు వాలినప్పుడు, భుజాలు కదిలినప్పుడు నొక్కండి. ఏ ఫొటో ఉంచాలో తనే ఎంచుకోవాలి. పాత ఫొటో ఇంకా గోడమీదే ఉంటే, దీన్ని దాని పక్కన పెట్టాలా, దాని చోట పెట్టాలా అని కూడా తననే అడగండి.